గొడుగమ్మ మెడలో తాళంచెవి

మా పెద్దమ్మకి స్నేహం చెయ్యడం చేతకాదు. ఈ మాట నాది కాదు, ఆవిడే చెప్పుకునేది. మా అమ్మకి అక్క, వృత్తికి దర్జీ, కోపం ముక్కు మీదే ఉంటుంది. కింద వాటాలో ఉండే రిటైర్డు గుమాస్తాతో నీళ్ళ మోటారు దగ్గర తగాదా, ఎదురుకొట్టు మంగలితో చెత్తబుట్ట దగ్గర తగాదా. చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శితో ఎందుకు తగాదా వచ్చిందో ఇద్దరికీ గుర్తు లేదు గాని మాటలు మాత్రం లేవు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా పెద్దమ్మ నోటికి జడిసి ఊరే కాస్త దూరంగా జరిగి కూర్చుంది.

పెదనాన్న బస్సు డ్రైవరు. వాళ్ళబ్బాయి, మా అన్నయ్య, బడిలో చేరకముందే ఆయన పోయాడు. అప్పటినుంచీ కుట్టుమిషనే ఆవిడకి అండా దండా. మేడ మీద ఒక గది, వంటిల్లు, వీధివైపు పెద్ద కిటికీ. కిటికీ దగ్గర మిషను, గట్టు మీద ఎర్రపూల కుండీలు. బడిపిల్లల యూనిఫారాలు, పొడుగైన పాంట్లకి అంచు మడతలు, చిరిగిన సంచులకి జిప్పులు. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయాక పాతవి బాగుచెయ్యడమే పని అయింది. చేతికుట్టులో మాత్రం ఆవిడకి సాటి లేరు. అంచు కుడితే పైకి ఒక్క పోగు కనబడేది కాదు. అన్నయ్యని చదివించింది ఆ చేతికుట్టే.

చివరికి దాని మీదే దెబ్బ పడింది. రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయి. మిషను తొక్కడం అలవాటు మీద జరిగిపోయేది గాని, సూదిలో దారం ఎక్కేది కాదు. దారం కొస తడిచేసి, నలిపి, కిటికీ దగ్గరికి వెళ్ళి, సూదిని తిట్టి, దారాన్ని తిట్టి, దారం చేసిన కంపెనీని తిట్టి కూర్చునేది. ఎవరినైనా పిలిచి ఎక్కించమందామంటే, మాటలున్న మనిషి ఒక్కరైనా ఉండాలి కదా.

సరిగ్గా అప్పుడే చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చారు. అంతకుముందు మా సంఘంవాళ్ళు నెలకోసారి వ్యాను వేసుకుని వెళ్ళి, వీధుల్లో పడుకునేవాళ్ళకి రొట్టె పొట్లాలూ దుప్పట్లూ పంచేవాళ్ళు. ఇచ్చేవాళ్ళు పొట్లం వైపు చూసేవాళ్ళు, తీసుకునేవాళ్ళు నేల వైపు చూసేవాళ్ళు. పాస్టరుగారు వ్యాను ఆపించేశారు. ఒక్కొక్కరు ఒక్కరినే ఎంచుకోండి, ప్రతి శనివారం మధ్యాహ్నం వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి, చేతిలో ఏమీ పట్టుకెళ్ళకండి అన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. వాళ్ళని ఏదో ఒక సాయం అడిగి పుచ్చుకోవాలి అని కూడా అన్నారు. ఇస్తే అది ధర్మం, పుచ్చుకుంటేనే స్నేహం అని ఆయన లెక్క. ఒకరి స్నేహితుల జోలికి ఇంకొకరు వెళ్ళకూడదన్నది కూడా ఆయన నియమమే. నలుగురూ కలిసి ఒకరి మీద పడితే మళ్ళీ వ్యాను వచ్చినట్టే ఉంటుందట. వినడానికి ఇది బాగానే ఉంది. దీని సంగతి మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

సంఘం మొత్తం తల పట్టుకుంది. అన్నీ ఉన్న మనిషి రోడ్డు మీదున్న మనిషిని ఏ సాయం అడుగుతాడు? బట్టలకొట్టు ఆయన ఒక ముసలాయన్ని టైమెంతయిందని అడిగి, తన చేతి వాచీ కనబడకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడట. డాక్టరుగారి భార్య తన సంచి కాసేపు పట్టుకోమని ఇచ్చి, ఆ కాసేపూ దాని మీద నుంచి చూపు తియ్యలేదట.

పెద్దమ్మ వంతుకి గొడుగమ్మ వచ్చింది. ఎంచుకునే రోజున ఈవిడ ఆలస్యంగా వెళ్ళింది, అప్పటికి మిగిలింది ఆమె ఒక్కతే. ఎవరికీ అక్కర్లేకపోవడానికి కారణం ఉంది. మూతపడిన చెప్పులకొట్టు ముందు రేకు చూరు కింద ఉండేదామె. ఒక మూట, ఒక నల్ల గొడుగు. ఎండా వానా ఏదీ లేకపోయినా ఆ గొడుగు తెరిచి వీధివైపు అడ్డం పెట్టుకుని, వెనకాల కూర్చునేది. గొడుగు తెరిచి ఉందంటే తలుపు వేసుకున్నట్టు. అది పక్కకి వాలేదాకా ఎవరూ పలకరించకూడదు. వీధిలో పాలు పోసేవాడి దగ్గర్నుంచి అందరికీ ఈ సంగతి తెలుసు. మా పెద్దమ్మ మాత్రం మొదటిరోజే గొడుగు మీద వేలితో తట్టి, లోపల ఉన్నావా అని అడిగింది. జవాబు రాలేదు. ఇంటికొచ్చి, మనుషుల కన్నా ఆ గొడుగే నయం, ఎదురు చెప్పదు అంది.

అలా చాలా శనివారాలు గొడుగుకి ఇవతల కూర్చుని వచ్చింది. ఇంకెవరైనా అయితే మానేసేవాళ్ళు. పెద్దమ్మకి పంతం. కార్యదర్శి ముందు ఓడిపోయానని చెప్పుకోవడం కన్నా ఆ చూరు కింద కూర్చోవడమే ఆవిడకి సుఖం. ఒకరోజు గాలికి గొడుగు గుడ్డ ఊచ నుంచి ఊడి వేలాడింది. ఊడిన కుట్టు కళ్ళెదుట వేలాడుతుంటే చూస్తూ ఊరుకోవడం మా పెద్దమ్మ తరం కాదు. అడగలేదు, చెప్పలేదు. రవికకి ఎప్పుడూ గుచ్చుకుని ఉండే దారమున్న సూది తీసి, ఇవతల నుంచే కుట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు లోపలి నుంచి మొట్టమొదటిసారి మాట వినిపించింది.

"కుట్లు దగ్గరగా వెయ్యి. నీళ్ళు కారతాయి."

"నాకు చెప్పొచ్చావా? నా కుట్టు భూతద్దం పెట్టినా కనబడదు," అంది పెద్దమ్మ.

గొడుగు కొంచెం పక్కకి వాలింది. పొరలు కమ్మిన కళ్ళకి ఒక బుగ్గ, ఒక చెవి మసకమసకగా కనిపించాయట. కుట్టు ముడివేశాక దారం అయిపోయింది. మళ్ళీ ఎక్కించబోతే యథాప్రకారం ఎక్కలేదు. అవతలి నుంచి ఒక చెయ్యి వచ్చి సూదీ దారం పుచ్చుకుంది, ఒక్కసారికే ఎక్కించి తిరిగి ఇచ్చింది. పాస్టరుగారు చెప్పిన సాయం ఆ విధంగా పుచ్చుకోవడం అయింది, అదీ అడక్కుండానే.

ఆ తరవాత ప్రతి శనివారం గొడుగమ్మ మేడ మీదికి వచ్చేది. గుమ్మం దాటి లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలో పట్టా మీదే కూర్చుని వారానికి సరిపడా సూదులకి దారాలు ఎక్కించేది. తెల్లవి ఒక వరస, నల్లవి ఒక వరస, నీలం ఒక వరస, పాత కంబళి ముక్క మీద గుచ్చి పెట్టేది. మిగిలిన వారమంతా పెద్దమ్మ ఒక్కొక్క సూదే పీక్కుని పని చేసుకునేది. ఆ సూదులు లేకపోతే ఆవిడ కొట్టు మూసుకోవాల్సిందే. ఈ సాయం బట్టలకొట్టు ఆయన టైమడిగినలాంటిది కాదు.

సూదుల మధ్య కథ కూడా కొంచెం కొంచెంగా బయటపడింది. గొడుగమ్మ మొగుడు ఒక గోడౌనుకి కాపలాదారు. గేటు పక్కన గదిలో కాపురం. అతను చనిపోయిన వారానికల్లా కొత్త కాపలాదారు పెళ్ళాంపిల్లలతో దిగాడు. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, వాళ్ళకీ ఇల్లు కావాలిగా అందట గొడుగమ్మ. ఆ గదికి తాళం ఎప్పుడూ లేదు. గోడౌను తాళాలన్నీ మొగుడి నడుముకి వేలాడేవి, తను మాత్రం సొంతానికి అంటూ ఒక్క తాళంచెవి ఏనాడూ పట్టుకోలేదు. పెద్దమ్మ ఆ మాట విని మిషను తొక్కడం ఆపేసింది.

తాళంచెవి సంగతి మొదలుపెట్టినవాడు నిజానికి అన్నయ్యే. ఒకసారి పెద్దమ్మ చెత్త పారెయ్యడానికి బయటికొస్తే తలుపుకి దానంతటదే తాళం పడిపోయింది. అన్నయ్య ఊరి అవతలి కొస నుంచి వచ్చేదాకా మెట్ల మీదే కూర్చుంది. ఇంకో తాళంచెవి ఎవరికైనా దగ్గరివాళ్ళకి ఇచ్చి ఉంచు అని విసుక్కున్నాడు వాడు. దగ్గరివాళ్ళు ఎవరు? కింద గుమాస్తాతో తగాదా, మంగలితో తగాదా, కార్యదర్శి మాట చెప్పనే అక్కర్లేదు. లెక్క తీస్తే గొడుగమ్మ ఒక్కతే తేలింది.

"నేను పోగొడితేనో?" అని చేతులు వెనక్కి పెట్టుకుందట గొడుగమ్మ.

"ఎక్కడో పెట్టి మర్చిపోడానికి నీకు ఇల్లా వాకిలా? మెడలో వేసుకో," అంది పెద్దమ్మ.

ఇంకొకరు అంటే బూతులా ఉండే మాట. గొడుగమ్మ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. దిండు గలేబులకి అంచు వేసే గట్టి తాడుకి ఆ తాళంచెవి కుట్టేసి, పెద్దమ్మే ఆమె మెడలో వేసింది.

ఆ తలుపుకి ఒక తిక్క ఉంది. మనిషికి తగ్గ తలుపు. ముందు పిడి పట్టుకుని మనవైపు లాగాలి, తాళంచెవి సగం తిప్పాలి, తలుపుని కాస్త పైకెత్తి అప్పుడు మిగతా సగం తిప్పాలి. పెద్దమ్మ దగ్గరుండి నేర్పించింది. లాగు, తిప్పు, ఎత్తు, తిప్పు. మొదట్లో గొడుగమ్మకి అసలు రాలేదు. ఎవరో చూసి దొంగ అనుకుంటారని మెట్ల వైపు చూసేది. చివరికి ఒకరోజు తలుపు తెరుచుకుంటే, తెరిచిన తలుపుని అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడిందట. లోపలికి మాత్రం రాలేదు.

ఒక్క రాత్రి కూడా ఆ ఇంట్లో పడుకోలేదు ఆమె. కాని మనిషిలో మార్పొచ్చింది. గొడుగు ముడిచి పక్కన పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. నేనొకసారి వెళ్ళినప్పుడు నాతోనే చెప్పింది, ఇప్పుడు కాస్త కంటికి కునుకు వస్తోందని. "వెళ్ళనక్కర్లేదమ్మా. వెళ్ళొచ్చు అని ఉంటే చాలు," అంది. ఒకసారి పోలీసాయన మెడలో తాళంచెవి ఎవరిదని గద్దిస్తే, మా అక్కది అని చెప్పిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి. ఈ లోకంలో ఆమెకున్న తలుపు అదొక్కటే. దాన్నైనా మిగలనిచ్చామా మనం?

వానలు మొదలయ్యే ముందు పెద్దమ్మ కంటి ఆపరేషను ఖాయమైంది. ముందు ఒక కన్ను, కొన్నాళ్ళకి రెండోది, రెండూ నయమయ్యేదాకా అన్నయ్య ఇంట్లో ఉండాలి. వెళ్ళే ముందు శనివారం గొడుగమ్మకి రెండు పనులు ఒప్పగించింది. కిటికీలో కుండీలకి నీళ్ళు పొయ్యాలి, వాన పెద్దదైతే సిగ్గుపడకుండా లోపలికొచ్చి పడుకోవాలి. రెండోదానికి గొడుగమ్మ తల అడ్డంగా ఊపింది. మొదటిదానికి మాత్రం, మొక్కలు నా పూచీ అంది.

మొదటి కంటికి కట్టుకట్టి ఇంటికి తెచ్చాక, మాటల్లో అన్నయ్యకి ఈ తాళంచెవి సంగతి తెలిసింది. నేను అక్కడే ఉన్నాను. వాడు చెడ్డవాడు కాదు, ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, నాకు కోపమంతా అందుకే. ముందు అరిచాడు. కొరివితో తల గోక్కుంటున్నావన్నాడు. పెద్దమ్మ అంతకన్నా గట్టిగా అరిచింది. కళ్ళు మూసుకుపోయాయి గాని నా బుర్ర మూసుకుపోలేదు అంది. అప్పుడు వాడు గొంతు తగ్గించాడు.

"ఆవిడ మంచిదేనమ్మా. నేను కాదన్లేదు. కాని మెడలో ఒక ఇంటి తాళంచెవి ఉందనీ, ఆ ఇల్లు ఖాళీగా ఉందనీ ఆ చుట్టుపక్కల ఏ వెధవకైనా తెలిస్తే? అడిగి తీసుకుంటాడా? ముందు ఆవిడ పీక నొక్కుతాడు."

పెద్దమ్మ తన ఇంటి కోసం అయితే పోట్లాడేది. గొడుగమ్మ పీక అనేసరికి నీరుకారిపోయింది. కట్టు మీద చెయ్యి పెట్టుకుని ఊఁ అంది. ముందు ఆమెకి చెప్పు, చెప్పాకే మార్చు, నేను తిరిగొచ్చాక కొత్తది ఇస్తానని కూడా చెప్పు అంది. అలాగేనన్నాడు.

మర్నాడే అన్నయ్య పాస్టరుగారి భార్యకి ఫోను చేశాడు. ఆవిడ, తప్పకుండా చెప్పిస్తానంది. ఆ ధైర్యంతో వాడు తాళాలవాణ్ణి తీసుకెళ్ళి, బయటి పిడి అలాగే ఉంచి లోపలి భాగం మార్పించాడు. పాత తాళంచెవి దూరుతుంది, తిరగదు. పాస్టరుగారి భార్య శనివారం వెళ్ళేవాళ్ళకి చెప్పింది. వాళ్ళు వెళ్ళి చూస్తే చెప్పులకొట్టు చూరు కింద గొడుగమ్మ లేదు, అక్కడెవరో గోడకి రంగులు వేస్తున్నారు. కొట్టు మళ్ళీ తెరుస్తున్నారట. చుట్టుపక్కల వెతకొచ్చు, ఎవరినైనా అడగొచ్చు. కాని గొడుగమ్మ మా పెద్దమ్మ స్నేహితురాలు. ఒకరి స్నేహితుల జోలికి ఇంకొకరు వెళ్ళకూడదు. ఆ నియమం అందరికీ భలే గుర్తుంది. ఎవరి స్నేహితుల దగ్గరికి వాళ్ళు వెళ్ళి, సాయాలు అడిగి పుచ్చుకుని, ప్రార్థన చేసుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఎవరికి వారే యమునా తీరే.

రెండో కన్ను కూడా అయ్యాక, ఇంక ఒక్కరోజు కూడా ఉండనని పెద్దమ్మ పట్టుబట్టింది. నేనే తీసుకొచ్చాను. దారి పొడుగునా ఒకటే సంబరం. బోర్డులన్నీ చదివింది, బస్సు కండక్టరు చొక్కాకి గుండీ తప్పు రంగు దారంతో కుట్టారని గుర్తుపట్టింది. ఇక సూదులు నేనే ఎక్కించుకోగలను, ఆ సంగతి దానికి చెప్పకూడదు, శనివారం రావడం మానేస్తుంది అంది. చెప్పులకొట్టు ముందు బస్సు ఆగినప్పుడు మెడ చాచి చూసింది. రంగులు వేసిన కొత్త కొట్టు, అద్దాల తలుపు. చూరు లేదు.

మేడ మెట్లెక్కుతుంటే కింద వాటా గుమాస్తా బయటికొచ్చాడు. తగాదా ఉన్న మనిషి తనంతట తాను వచ్చి నిలబడ్డాడంటే ఏదో ఉందనుకున్నాను. ఆయన నా వైపు చూస్తూనే చెప్పాడు. ఎవరో ఆవిడ, గొడుగుతో, రోజూ వచ్చేదట. తలుపు లాగేది, తాళం తిప్పేది, తలుపు ఎత్తేది. చాలాసేపు అలా చేసి దిగి వెళ్ళిపోయేది, మర్నాడు మళ్ళీ వచ్చేది. దొంగేమోనని ఒకసారి అడిగితే, దొంగని కాదండీ, మొక్కలకి నీళ్ళు పొయ్యాలి, తలుపు తీసే పద్ధతి మరిచిపోయాను అందట. తాళం మార్చిన సంగతి ఆయనకీ తెలియదు. చెబితే కదా తెలిసేది, మాటలే లేవాయె. పెద్దవాన పట్టిన రోజున వచ్చి ఇక దిగలేదు. మెట్ల మీద పైకప్పు లేదు. గుమ్మం ముందు గొడుగు పట్టుకుని కూర్చుండిపోయింది. తెల్లారి ఆయన పైకెళ్ళి చూస్తే ఒళ్ళు కాలిపోతోంది, పిలిస్తే పలకలేదు. అంబులెన్సుకి ఫోను చేసి ప్రభుత్వాసుపత్రికి పంపించాడు.

పెద్దమ్మ కొత్త తాళంచెవితో తలుపు తీసింది. తాళం కంత చుట్టూ పిడి రంగంతా గీసుకుపోయి ఇత్తడి బయటపడి ఉంది. ఆ గీతలన్నిటి మీదా వేలు పెట్టి చూసింది. లోపల కిటికీ గట్టు మీద కుండీల్లో మొక్కలు పుల్లల్లా ఎండి ఉన్నాయి, పక్కనే అద్దానికి అవతల వాన కారుతోంది. కంబళి ముక్క మీద ఆఖరి శనివారం ఎక్కించిన సూదులు వరసగా అలాగే ఉన్నాయి. పెద్దమ్మ వాటి ముందు కూలబడి నోరు తెరిచి ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడ్డం అదే మొదలు. పెదనాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదని మా అమ్మ చెప్పేది.

ఆసుపత్రిలో వెతకడానికి చాలాసేపు పట్టింది. గొడుగమ్మ అసలు పేరు మాకెవరికీ తెలియదని అక్కడే తెలిసింది. ఇన్ని శనివారాల స్నేహం, కౌంటరు దగ్గర పేరేమిటంటే నోరు వెళ్ళబెట్టాం. చివరికి గొడుగు అనగానే ఒక ఆయా గుర్తుపట్టింది. ఆడవాళ్ళ జనరల్ వార్డు, గోడ పక్క మంచం. ఊపిరితిత్తులకి నిమ్ము చేరిందనీ, ఒంట్లో శక్తి లేదనీ, ఏమీ చెప్పలేమనీ నర్సు చెప్పింది. గొడుగు ముడిచి పరుపు పక్కన పెట్టుకుని ఉంది, ఎవరినీ తీసి కింద పెట్టనివ్వలేదట.

పెద్దమ్మ ఆమె మొహం స్పష్టంగా చూడ్డం అదే మొదటిసారి. స్టూలు మీద కూర్చుని రెప్పవెయ్యకుండా చూసింది. "చిన్నపిల్లవే నువ్వు," అంది. నిజమే. మేమంతా ముసలిదనుకున్నాం. ఆమెకి మా అమ్మ వయసు కూడా ఉండదు.

గొడుగమ్మ కళ్ళు తెరిచి, గుర్తుపట్టి, లేవబోయింది. లేవలేకపోయింది.

"అక్కా, మొక్కలు?"

"పోయాయి," అంది పెద్దమ్మ. అబద్ధం ఆడటం కూడా ఆవిడకి చేతకాదు.

గొడుగమ్మ కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఊపిరి అందక ఆగి ఆగి చెప్పింది.

"రోజూ వెళ్ళానక్కా. లాగాను, తిప్పాను, ఎత్తాను. రాలేదు. అన్నిసార్లు నేర్పించావు. చెయ్యి మరిచిపోయింది. నన్ను నమ్మి ఇల్లు పెట్టి వెళ్ళావు, తలుపు కూడా తియ్యలేకపోయాను."

నేను పెద్దమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చెప్పొద్దు అని. ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఊరుకుంటే చాలు. ఆమెకి అక్క మిగులుతుంది, ఆ తలుపు మిగులుతుంది, మెడలో తాళంచెవి మిగులుతుంది. ఉన్న నాలుగు రోజులూ ఆ నమ్మకంతో ఉంటుంది. పెద్దమ్మకీ అది తెలుసు. కాని మంచం మీద గొడుగమ్మ తన కుడిచేతి వంక చూసుకుంటోంది. పనికిరాని వస్తువుని చూసినట్టు చూసుకుంటోంది. ఆ చూపు పెద్దమ్మ భరించలేకపోయింది.

"నీ చెయ్యి మరిచిపోలేదే. తాళం మార్చేశాం."

గొడుగమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఎవరు?" అంది.

"మా వాడు. నేను ఊఁ అన్నాను."

ఇంకా చాలా చెప్పింది పెద్దమ్మ. నీ పీక మీదికి వస్తుందని భయపడ్డాననీ, నీకు చెప్పమన్నాననీ, వాళ్ళు వీళ్ళకి చెప్పారనీ, వీళ్ళు వెతకలేదనీ. మాటలన్నీ నిజమే, ఒక్కటీ ఎందుకూ పనికిరాలేదు. చివరికి సంచిలోంచి కొత్త తాళంచెవి తీసి చేతిలో పట్టుకుని చాచింది. దానికి కూడా అదే గట్టి తాడు కుట్టి తెచ్చింది.

గొడుగమ్మ దాని వైపు చూడలేదు. కుడిచెయ్యి గాలిలోకి ఎత్తి నెమ్మదిగా లాగింది, సగం తిప్పింది, ఎత్తింది, మిగతా సగం తిప్పింది. అంతా సరిగ్గా ఉంది.

"అయితే నా చేతికేం కాలేదన్నమాట," అంది.

ఆ తరవాత పక్కనున్న గొడుగు తీసుకుంది. వేళ్ళలో బలం లేక రెండుమూడుసార్లు జారింది. పెద్దమ్మ సాయం చెయ్యబోయి మానేసింది. గొడుగు తెరుచుకుంది. దాన్ని మంచం అంచు మీద, మా ఇద్దరికీ తనకీ మధ్య నిలబెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

వార్డులో గొడుగేమిటని ఆయా అరుస్తూ వచ్చింది. పెద్దమ్మ చెయ్యెత్తి ఆమెని ఆపింది. అది తెరిచి ఉంటే మాట్లాడకూడదమ్మా, వాలేదాకా ఇవతల కూర్చోవాలి అని, స్టూలు కాస్త వెనక్కి జరుపుకుని, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది.

అలా ఎంతసేపు కూర్చున్నామో. అవతల ఊపిరి గరగరలాడటం వినిపిస్తూనే ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోవాలని గంట కొట్టారు. ఒక్కొక్కరే లేస్తున్నారు. గొడుగు వాలలేదు. వెళ్దామా అని నేను పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ కదల్లేదు. కొత్త కళ్ళతో ముందుకి వంగి, ఆ నల్లగుడ్డ మీద ఒకప్పుడు తను వేసిన కుట్లనే చూస్తోంది.

"దూరం దూరంగా వేశానే," అంది నాతో. "వానంతా దాని ఒంటి మీదే కారి ఉంటుంది."